బంతి వెళ్లిన దారిని వీడియోలో చూపించడం ఎలా: మోషన్ ట్రాకింగ్ మొదటి నుంచి

విసిరిన బంతి వీడియోలో ఒక్క క్షణం కనిపించి దాటిపోతుంది. దాని వెనక గీతో, చుక్కల వరుసో నిలిచిపోతే ఎంత ఎత్తుకు లేచింది, ఎక్కడ మందగించింది, ఎక్కడ వేగం అందుకుంది అన్నీ ఒకే ఫ్రేములో కళ్లకు కడతాయి. బౌలింగ్ నేర్పే కోచ్‌కి, ఇంటర్ పిల్లలకు ప్రక్షేపకాల పాఠం చెప్పే లెక్చరర్‌కి, ఈవెంట్ వీడియోలు కట్ చేసే ఎడిటర్‌కి, ముగ్గురికీ పనికొచ్చే విద్య ఇది.

మోషన్ ట్రాకింగ్ అంటే సాఫ్ట్‌వేర్ బంతిని ఫ్రేము ఫ్రేముకూ వెంటాడి అది ఉన్న చోటును నమోదు చేయడం. ఇక్కడి పద్ధతి వీడియో ఎఫెక్టుల సాఫ్ట్‌వేర్ అడోబీ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చేసేది. అది లేనివాళ్ల కోసం, ఉచితంగా దొరికే బ్లెండర్‌లో ఎలాగో తర్వాత ఉంది. ఉదాహరణకు ఒకరు క్రికెట్ తోలు బంతిని, అదే డ్యూస్ బాల్‌ని 8 మీటర్ల దూరం పడేలా విసిరే షాట్ తీసుకుందాం. అంకెలన్నీ ఆ షాట్‌వే. మీ షాట్ వేరైతే అంకెలు మారతాయి కానీ లెక్క వేసే తీరు అదే.

ట్రాకింగ్ పాడవడానికి కారణం చాలాసార్లు కంప్యూటర్ దగ్గర దొరకదు, గ్రౌండ్‌లో దొరుకుతుంది. తీసేటప్పుడు పావుగంట ఓపిక పడితే ఎడిటింగ్‌లో ఒక పూట మిగులుతుంది. అందుకే కెమెరా సంగతి ముందు.

గ్రౌండ్‌లో ఏర్పాట్లు

విజయవాడ ఐజీఎంసీ స్టేడియమైనా, గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియమైనా, మీ కాలేజీ గ్రౌండైనా సరే, ముందు అక్కడివాళ్లను అడిగి ఒక మూల తీసుకోండి. పొద్దున 7 నుంచి 9 లోపల పని ముగించుకోవడం మంచిది. మన ఎండాకాలంలో పది దాటితే నేల వేడికి గాలి అలలలా కదులుతుంది. దూరంలో ఉన్న వస్తువు అంచులు ఆ అలల్లో వణుకుతాయి, ఆ వణుకంతా ట్రాక్‌లోకి వచ్చేస్తుంది. పైగా ఫోన్ వేడెక్కితే ఫ్రేములు వదిలేస్తుంది.

ఇండోర్ స్టేడియంలో తీయాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. మన కరెంటు 50 హెర్ట్జ్. చాలా రకాల లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు కానీ 1/1000 సెకను (ఒక్కో ఫ్రేము వెలుగు తీసుకునే సమయం) షట్టర్‌లో ఒక ఫ్రేము వెలుగుగా, మరొకటి మసకగా వస్తుంది. ట్రాకర్‌కి ప్రతి ఫ్రేములోనూ బంతి రంగు మారినట్టే ఉంటుంది. మినుకు పోవాలని 1/100కి దిగితే బంతి చారలా సాగిపోతుంది. మొదటిసారి చేసేవాళ్లు ఆరుబయటే చేయండి.

కావలసినవి: ట్రైపాడ్, షట్టర్ స్పీడ్‌ను చేత్తో పెట్టుకోనిచ్చే ఫోన్ లేదా కెమెరా, 2 మీటర్ల పీవీసీ పైపు, ఎర్రటి ఇన్సులేషన్ టేపు, కొలత టేపు, కాస్త సున్నం, బంతి. పైపు మీద ప్రతి 50 సెంటీమీటర్లకూ టేపు చుట్టండి. ఇదే మీ కొలబద్ద.

ఈ పనికి టెన్నిస్ బంతి వద్దు. అది 58 గ్రాముల దగ్గర ఉంటుంది, డ్యూస్ బాల్ 160 గ్రాముల దగ్గర. తేలికైన బంతిని గాలి గట్టిగానే ఆపుతుంది, దారి ముందుకు వెళ్లేకొద్దీ కుంచించుకుపోతుంది. ట్రాక్ సరిగా వచ్చిందో లేదో చూసుకోవడానికి తర్వాత మనం వాడబోయే పరీక్షకు బరువైన బంతే అనుకూలం. చిన్నపిల్లలతో చేస్తుంటే మాత్రం టెన్నిస్ బంతే వాడండి, ఆ తేడాను గుర్తుపెట్టుకోండి.

నేల మీద 10 మీటర్ల సున్నం గీత గీయండి. విసిరేవాళ్లు గీత ఒక చివర నిలబడి గీత వెంటే విసరాలి. కెమెరా గీత మధ్యభాగానికి ఎదురుగా, గీతకు సరిగ్గా లంబంగా ఉండాలి. ఈ లంబకోణం తప్పితే దూరంగా వెళ్లే వైపు దారి నొక్కుకుపోయినట్టు, దగ్గరికి వచ్చే వైపు సాగినట్టు కనిపిస్తుంది. సూర్యుడు కెమెరా వెనక ఉంటే బంతి మీద వెలుగు నిండుగా పడుతుంది. పొద్దున్నే అయితే కెమెరా పడమర చూడాలన్నమాట.

ఎంత దూరంలో పెట్టాలి? ఫ్రేము వెడల్పులో 9.6 మీటర్లు పట్టాలి అనుకుందాం. ఫోన్ మామూలు లెన్స్‌తో దాదాపు 7 మీటర్ల దూరం నుంచే ఇది పడుతుంది, 2ఎక్స్ పెడితే 13, 14 మీటర్లు వెనక్కి వెళ్లాలి. వెనక్కి వెళ్లడమే మేలు. బంతి గీత నుంచి అర మీటరు కెమెరా వైపు జరిగిందనుకోండి, 7 మీటర్ల దగ్గర కొలతలో 7 శాతం తప్పు వస్తుంది, 14 మీటర్ల దగ్గరైతే దానిలో సగమే. అల్ట్రా వైడ్ లెన్స్ జోలికి వెళ్లకండి. అంచుల్లో తిన్నని గీతలను కూడా అది వంచుతుంది, వంగిన దారిని అది ఇంకా ఎలా వంచిందో తర్వాత తేల్చుకోలేరు.

ఫోన్ సెట్టింగులు

4కె, సెకనుకు 60 ఫ్రేములు. ప్రో మోడ్‌లో షట్టర్ 1/1000. ఫోకస్ గీత మీద పెట్టి లాక్ చేయండి, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ కూడా లాక్. హెచ్‌డీఆర్ ఆపండి. స్టెబిలైజేషన్ తప్పనిసరిగా ఆపండి. ట్రైపాడ్ మీదున్న ఫోన్‌కి అది అవసరం లేదు సరికదా, ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ ప్రతి ఫ్రేమునూ కాస్త జరిపి, కాస్త వంచి ఇస్తుంది. మనిషి చెయ్యి ఊపగానే కెమెరా కదిలిందనుకుని బ్యాక్‌గ్రౌండ్‌ను జరిపేసే ఫోన్లు కూడా ఉంటాయి.

షట్టర్ సంగతి అంకెల్లో చూస్తే బాగా తెలుస్తుంది. 1.8 మీటర్ల ఎత్తులో చేయి వదిలిన బంతి 45 డిగ్రీల కోణంలో సెకనుకు 8 మీటర్ల వేగంతో బయల్దేరితే సుమారు 1.4 సెకన్లలో 8 మీటర్ల అవతల పడుతుంది. నేల తాకే వేళకు వేగం సెకనుకు 10 మీటర్ల దాకా పెరుగుతుంది. 4కె ఫ్రేము 3840 పిక్సెళ్లు, అందులో 9.6 మీటర్లు, అంటే మీటరుకు 400 పిక్సెళ్లు. 1/60 షట్టర్‌లో ఆ బంతి దాదాపు 67 పిక్సెళ్ల పొడవు చారగా వస్తుంది. బంతి వ్యాసమేమో 29 పిక్సెళ్లే. 1/1000లో అదే చార 4 పిక్సెళ్లకు తగ్గిపోతుంది. ఇంక గుండ్రంగానే కనిపిస్తుంది.

రికార్డింగ్ మొదలుపెట్టి ముందుగా పైపును గీత మీద నిలువుగా ఒక 5 సెకన్లు, అడ్డంగా ఒక 5 సెకన్లు పట్టుకోండి. తర్వాత పైపు తీసేసి, ఫోన్ ముట్టుకోకుండా, విసరమనండి. బంతి గీతకు అరమీటరు కంటే ఎక్కువ పక్కగా పడితే ఆ టేక్ లెక్కలోకి తీసుకోవద్దు. నాలుగైదు టేకులుంటే అందులో ఒకటి బాగా కుదురుతుంది.

వెనక ఏముందో కూడా చూసుకోండి. ఎర్ర బంతికి ఎర్ర ఇటుక గోడ పనికిరాదు. తెల్ల బంతికి మన తెల్లబారిన ఆకాశం పనికిరాదు. ఎర్ర బంతి, వెనక ఆకాశం ఉంటే అన్నిటికంటే తేలిక. కెమెరాను కాస్త కిందికి, నడుము ఎత్తులో పెడితే దారిలో ఎక్కువ భాగం ఆకాశం మీదికే వస్తుంది.

ట్రాక్ చేసే ముందు ఫైలు సరిచేయడం

చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటును స్థిరంగా ఉంచవు. 60 అని రాసి ఉన్నా వెలుతురును బట్టి, వేడిని బట్టి అటూ ఇటూ అవుతుంది. ఫైలును, వీడియో వివరాలు చూపించే మీడియాఇన్ఫోలో తెరిచి ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర చూడండి. వేరియబుల్ (మారేది) అని ఉంటే వీడియో ఫైళ్లను మార్చే హ్యాండ్‌బ్రేక్‌లో వేసి, వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ 60, కాన్‌స్టెంట్ ఎంచుకుని, క్వాలిటీ ఆర్ఎఫ్ 16 దగ్గర పెట్టి కొత్త ఫైలు తీయండి. ఈ మెట్టు దాటేస్తే గీత బాగానే వస్తుంది కానీ చుక్కల మధ్య కాలం సమానంగా ఉండదు, వేగం గురించి చెప్పేదంతా తప్పవుతుంది.

240 ఫ్రేముల స్లో మోషన్ వాడితే, ఫైలు 30తో ఆడుతున్నప్పుడు తెర మీది 8 సెకన్లు నిజంలో 1 సెకను. ఆ భాగహారం మర్చిపోకండి. సాఫ్ట్‌వేర్ మధ్యలో ఫ్రేములు కల్పించి ఇచ్చే స్లో మోషన్ మోడ్‌లు మాత్రం ఈ పనికి వద్దు. కల్పించిన ఫ్రేములో బంతి ఉన్న చోటు కెమెరా చూసింది కాదు.

ట్రాకింగ్

క్లిప్‌ను ప్రాజెక్ట్ ప్యానెల్‌లోని న్యూ కంపోజిషన్ గుర్తు మీదికి లాగితే అదే సైజు, అదే ఫ్రేమ్ రేటుతో కంపోజిషన్ వస్తుంది. టైమ్‌లైన్‌లో లేయర్ మీద డబుల్ క్లిక్ చేసి లేయర్ ప్యానెల్ తెరవండి. ట్రాకింగ్ జరిగేది అక్కడే. విండో మెనూలో ట్రాకర్ తెరిచి ట్రాక్ మోషన్ నొక్కండి. పొజిషన్ ఒక్కదానికే టిక్ ఉంచండి. గుండ్రటి బంతికి రొటేషన్, స్కేల్ అక్కర్లేదు.

తెర మీద రెండు పెట్టెలు, మధ్యలో ఒక ప్లస్ గుర్తు వస్తాయి. లోపలి పెట్టె ట్రాకర్ గుర్తుపెట్టుకునే రూపం. బయటి పెట్టె తర్వాతి ఫ్రేములో దాని కోసం వెతికే మేర. ప్లస్ గుర్తు నమోదయ్యే బిందువు, దాన్ని బంతి నడిమధ్యన పెట్టండి.

చాలామంది బంతి చేయి వదిలిన ఫ్రేము నుంచి మొదలుపెడతారు. అక్కడ వేళ్లు, చొక్కా, జుట్టు అన్నీ బంతి పక్కనే ఉంటాయి, ట్రాకర్ తడబడుతుంది. దారిలో అన్నిటికంటే పైనున్న చోటు నుంచి మొదలుపెట్టండి. అక్కడ బంతి అన్నిటికంటే నెమ్మదిగా, వెనక ఆకాశంతో, స్పష్టంగా ఉంటుంది. అక్కడి నుంచి ముందుకు నేల దాకా, మళ్లీ అదే ఫ్రేముకు వచ్చి వెనక్కి చేతి దాకా అనలైజ్ చేయండి.

పెట్టెల కొలతలు ఊహతో కాదు, లెక్కతో పెట్టాలి. బంతి 29 పిక్సెళ్లు కాబట్టి లోపలి పెట్టె సుమారు 40×40. అంతకంటే పెద్దదైతే బ్యాక్‌గ్రౌండ్ కూడా రూపంలో భాగమైపోతుంది, బంతి ఆకాశం నుంచి చెట్ల మీదికి దిగగానే ట్రాక్ తెగుతుంది. పెట్టె బంతి లోపలే ఇమిడిపోతే పట్టుకోవడానికి అంచే ఉండదు. బంతి అంచు చుట్టూ సన్నగా బ్యాక్‌గ్రౌండ్ కనిపించేంత చాలు. ఇక బయటి పెట్టె: బంతి ఒక ఫ్రేము నుంచి మరో ఫ్రేముకు ఎక్కువలో ఎక్కువ 67 పిక్సెళ్లు జరుగుతుంది. దానికి లోపలి పెట్టెలో సగం 20 కలిపితే 87. కొంచెం వెసులుబాటుతో ప్రతి వైపూ 100, అంటే 200×200. ఇది చిన్నదైతే బంతి పెట్టె దాటిపోతుంది. మరీ పెద్దదైతే పని నెమ్మదించడమే కాదు, బంతిలాంటి మరో మచ్చను పట్టుకునే అవకాశం పెరుగుతుంది.

ఆప్షన్స్ తెరిచి వీటిని సరిచేయండి. ఛానెల్ దగ్గర ఆర్‌జీబీ. ఎర్ర బంతి, పచ్చ చెట్టు రంగులో ఎంత వేరైనా వెలుగులో దాదాపు ఒకటే కావచ్చు, ల్యూమినెన్స్ పెడితే రెండూ ఒకే బూడిదరంగుగా కలిసిపోతాయి. సబ్‌పిక్సెల్ పొజిషనింగ్‌కు టిక్ ఉండాలి. అడాప్ట్ ఫీచర్ ఆన్ ఎవ్రీ ఫ్రేమ్ తీసేయండి. అది ఆన్‌లో ఉంటే ప్రతి ఫ్రేములోనూ రూపాన్ని కొత్తగా నేర్చుకుంటుంది. ఒక్కో ఫ్రేములో అర పిక్సెల్ జారినా ఆ జారుడు పేరుకుని చివరికి ట్రాకర్ బంతిని వదిలి పక్కనున్న కొమ్మ అంచును పట్టుకుంటుంది. కాన్ఫిడెన్స్ (ఇదే బంతి అన్న నమ్మకం) 80 శాతం లోపు పడితే ఏం చేయాలి అన్నచోట స్టాప్ ట్రాకింగ్ ఎంచుకోండి. అక్కడే ఎక్స్‌ట్రాపొలేట్ మోషన్ అని ఒకటి ఉంటుంది, దాన్ని ఎంచుకోకండి. బంతి కనపడనప్పుడు ఎటు వెళ్లి ఉంటుందో అది ఊహించి గీస్తుంది. మనం చూపిస్తున్నది నిజంగా జరిగిన కదలిక అయినప్పుడు ఊహకు అందులో చోటు లేదు.

మొదట ఒక్కో ఫ్రేము చొప్పున ముందుకు జరిపే బటన్ నాలుగైదుసార్లు నొక్కి పెట్టె బంతి మీదే ఉందో లేదో చూడండి. ఉంటే పూర్తిగా వదలండి.

తెగినప్పుడు

ఆగిన ఫ్రేము దగ్గర పెద్దది చేసి చూడండి. కారణం ఈ మూడింటిలో ఒకటి అయి ఉంటుంది. బంతి ఏదైనా వస్తువు ముందుకో వెనక్కో వెళ్లింది. బ్యాక్‌గ్రౌండ్ మారింది. బంతి నేలకు దగ్గరై వేగం పెరగడంతో వెతికే పెట్టె చాలలేదు. చివరిగా బాగున్న ఫ్రేముకు వెనక్కి వెళ్లి, తర్వాతి ఫ్రేములో పెట్టెను చేత్తో బంతి మీదికి లాగి, అక్కడి నుంచి మళ్లీ అనలైజ్ నొక్కండి. కొత్త రూపాన్ని అక్కడి నుంచి నేర్చుకుంటుంది. 84 ఫ్రేముల షాట్‌లో ఇలా ఐదారు చోట్ల చేత్తో పెట్టాల్సి రావడం మామూలే. బంతి చెట్టు వెనక నిజంగానే మాయమైతే ఆ ఫ్రేముల కీఫ్రేములు (ట్రాకర్ నమోదు చేసిన స్థానాలు) తీసేసి, గీతలో ఆ భాగాన్ని వేరే రంగులో చూపించండి. చూసేవాళ్లకు అక్కడ కెమెరా బంతిని చూడలేదని తెలుస్తుంది.

గాలికి ట్రైపాడ్ కదిలితే బంతి కంటే ముందు ఫ్రేమును నిలబెట్టాలి. స్టెబిలైజ్ మోషన్‌తో దూరంగా ఉన్న కదలని బిందువును ట్రాక్ చేసి అప్లై చేయండి, ఆ లేయర్‌ను ప్రీ-కంపోజ్ చేసి (విడి కంపోజిషన్‌గా కట్టి), దాని మీద బంతిని ట్రాక్ చేయండి. కదలని బిందువు అంటే ఒంటరిగా, ప్రత్యేకంగా ఉండేది కావాలి. హోర్డింగ్ మూల, ఫ్లడ్‌లైట్ స్తంభం కొన లాంటివి. చెట్టు ఆకులు గాలికి ఊగుతాయి కాబట్టి పనికిరావు.

దారి గీయడం

లేయర్ మెనూలో న్యూ, నల్ ఆబ్జెక్ట్. బయటికి తీసిన వీడియోలో కనపడకుండా స్థానాన్ని మాత్రం మోసే లేయర్ ఇది. ట్రాకర్ ప్యానెల్‌లో ఎడిట్ టార్గెట్ నొక్కి ఆ నల్‌ను ఎంచుకుని, అప్లై కొట్టి, ఎక్స్, వై రెండూ ఒప్పుకోండి. నల్ చతురస్రం బంతికి కాస్త పక్కగా కనిపిస్తే కంగారు వద్దు, చూడాల్సింది దాని యాంకర్ పాయింట్‌ను.

తర్వాత లేయర్, న్యూ, సాలిడ్, అంటే ఒకే రంగు నిండిన లేయర్. సైజు కంపోజిషన్‌ది ఎంతో అంతే ఉండాలి, దాన్ని తెర మీద అటూ ఇటూ జరపకూడదు. జరిపితే గీత మొత్తం అంతే దూరం జరిగిపోతుంది. సాలిడ్ మీద ఎఫెక్ట్, జనరేట్, రైట్-ఆన్ వేయండి. అందులో బ్రష్ పొజిషన్ పక్కనున్న స్టాప్‌వాచ్‌ను ఆల్ట్ పట్టుకుని నొక్కండి, మ్యాక్ అయితే ఆప్షన్. ఎక్స్‌ప్రెషన్ గడి తెరుచుకుంటుంది. పిక్ విప్‌ను నల్ లేయర్ పొజిషన్ మీదికి లాగి వదలండి. పెయింట్ స్టైల్ దగ్గర ఆన్ ట్రాన్స్‌పరెంట్ పెట్టండి. అంతే, ప్లే చేస్తే బంతి వెనక గీత పడుతూ వస్తుంది.

బంతి చేయి వదలకముందే తెర మీద ఒక చుక్క కనిపిస్తుంటే సాలిడ్ లేయర్ మొదలును, విడుదలైన ఫ్రేము దాకా కోసేయండి.

ఇప్పుడు ఈ వ్యాసంలో ముఖ్యమైన సెట్టింగ్: బ్రష్ స్పేసింగ్. ఇది సెకన్లలో ఉంటుంది. చాలా తక్కువ పెడితే గీత. 0.1 పెడితే సెకనులో పదోవంతుకు ఒక చుక్క. గీత దారిని మాత్రమే చెబుతుంది, సమాన కాలానికి పెట్టిన చుక్కలు దారితో పాటు వేగాన్ని కూడా చెబుతాయి. చుక్కలు దూరదూరంగా ఉంటే వేగం, దగ్గరగా ఉంటే నెమ్మది. చుక్కల ముగ్గులోలాగే ఇక్కడా ముందు చుక్కలు కుదరాలి, గీత తర్వాత. బ్రష్ సైజు 20 పిక్సెళ్లు, హార్డ్‌నెస్ పూర్తిగా. స్ట్రోక్ లెంగ్త్ 0 ఉంటే చుక్కలు చివరిదాకా నిలుస్తాయి. 0.5 పెడితే అర సెకను తర్వాత ఒక్కొక్కటే మాయమై తోక కదిలినట్టు ఉంటుంది. పాఠానికి మొదటిది, షోకు రెండోది.

పసుపు చుక్కలు చెట్ల మీద మెరుస్తాయి కానీ తెల్లటి ఆకాశంలో కనపడవు. సాలిడ్‌ను డూప్లికేట్ చేసి, కిందిదాని బ్రష్ సైజు 28, రంగు నలుపు పెట్టండి. ప్రతి చుక్కకూ నల్ల అంచు వస్తుంది, ఏ బ్యాక్‌గ్రౌండ్ మీదైనా చదవొచ్చు. యాడ్, స్క్రీన్ మోడ్‌లు రాత్రి షాట్లకు అందంగా ఉంటాయి, మన పగటి ఆకాశం మీద తేలిపోతాయి. చుక్కలు విసిరే మనిషి చేతి మీదుగా పడుతుంటే వీడియో లేయర్‌ను డూప్లికేట్ చేసి పైకి తెచ్చి, పెన్ టూల్‌తో చేతి చుట్టూ మాస్క్ గీయండి. ఆ నాలుగైదు ఫ్రేముల్లో మాస్క్‌ను చేత్తో జరపాలి. చిన్న పనే, కానీ గీత నిజంగా ఆ చోటులో ఉన్నట్టు అనిపించేది దీనివల్లే.

నిజమేనా అని పరీక్షించడం

ట్రాక్ సరిగా ఉందో లేదో భౌతికశాస్త్రమే చెబుతుంది. చుక్కల మధ్య అడ్డ దూరం దాదాపు సమానంగా ఉండాలి. మన షాట్‌లో అది సుమారు 226 పిక్సెళ్లు. డ్యూస్ బాల్‌కు చివరికి వచ్చేసరికి కొద్దిగా తగ్గుతుంది, టెన్నిస్ బంతికి కంటికి తెలిసేంత తగ్గుతుంది. అది గాలి చేసిన పని, ట్రాక్ తప్పు కాదు. నిలువు దూరాలు మాత్రం ఒక క్రమంలో మారాలి. గురుత్వ త్వరణం 9.8 కాబట్టి ప్రతి పదోవంతు సెకనుకూ నిలువు దూరం అంతకుముందు దానికంటే 9.8 సెంటీమీటర్లు మారుతుంది. మీటరుకు 400 పిక్సెళ్ల లెక్కన అది 39 పిక్సెళ్లు. విండో మెనూలో ఇన్ఫో ప్యానెల్ తెరిస్తే కర్సర్ ఉన్నచోటు అంకెలు చూపిస్తుంది, వరుసగా చుక్కల వై విలువలు కాగితం మీద రాసి తీసివేస్తే నిలువు దూరాలు వస్తాయి, వాటిని మళ్లీ ఒకదాన్నుంచి ఒకటి తీసివేయండి. తేడాలు 35, 42, 38 అలా వస్తే బాగున్నట్టే. మధ్యలో ఒక్కసారి 70, తర్వాత 5 వస్తే అక్కడ ట్రాకర్ జారింది. తేడాలన్నీ సమానంగా ఉండి 39కి బదులు 30 దగ్గర ఉంటే ట్రాక్ బాగుంది, కొలతే తప్పు. పైపు గీత మీద కాకుండా కెమెరాకు దగ్గరగా పట్టుకుని ఉంటారు, లేదా ఫ్రేమ్ రేటు తప్పు.

మీటరుకు ఎన్ని పిక్సెళ్లో మీ ఫుటేజీలో పైపు కొనల మధ్య కొలిచి తీసుకోండి. 2 మీటర్లకు 800 రావాలని ఇక్కడ అనుకున్నాం, మీకు 770 రావచ్చు. నిలువు కొలత, అడ్డ కొలత రెండూ దాదాపు ఒకటే రావాలి. తేడా ఉంటే కెమెరా లంబంగా లేదు.

ట్రాకింగ్‌తో సంబంధం లేని ఇంకో పరీక్ష కూడా ఉంది. అసలు వీడియో లేయర్‌ను డూప్లికేట్ చేసి దాని మీద ఎకో ఎఫెక్ట్ వేయండి, అది గడిచిన ఫ్రేములను ఇప్పటి ఫ్రేము మీద పేరుస్తుంది. ఎకో టైమ్ మైనస్ 0.1, ఎకోల సంఖ్య 14, డికే 1. ఆకాశం కంటే బంతి ముదురు రంగు కాబట్టి ఆపరేటర్ మినిమమ్. బంతి లేతగా, వెనక ముదురుగా ఉంటే మాక్సిమమ్. బంతి నేలకు తాకిన ఫ్రేములో చూస్తే గాల్లో ఉన్న బంతులన్నీ వరుసగా కనిపిస్తాయి. మీ చుక్కలు ఆ బంతుల వరుస మీదే పడాలి. వరుస నుంచి పక్కకు జరిగిన చుక్క ఉందంటే అక్కడ మళ్లీ ట్రాక్ చేయాలి.

వేగం అంకె కావాలంటే నల్ పొజిషన్‌ను ఎంచుకుని గ్రాఫ్ ఎడిటర్‌లో స్పీడ్ గ్రాఫ్ చూడండి. అది సెకనుకు పిక్సెళ్లలో ఉంటుంది, 400తో భాగిస్తే సెకనుకు మీటర్లు, దాన్ని 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు. మన బంతి శిఖరం దగ్గర 2260 పిక్సెళ్ల వద్ద, నేల దగ్గర 4000 వద్ద ఉండాలి. గ్రాఫ్ ముళ్లముళ్లుగా కనిపిస్తుంది. ఎందుకంటే ఒక్క పిక్సెల్ తప్పు కూడా 60తో గుణింపబడి సెకనుకు 60 పిక్సెళ్ల తప్పు అవుతుంది. ఆ ముళ్ల మధ్యగా పోయే వంపును చదవండి, ఒక్క ఫ్రేము అంకెను పట్టుకుని బౌలర్ వేగం ఇంత అని ప్రకటించకండి.

ముళ్లు తీయడానికి స్మూదర్ ప్యానెల్ ఉంది. టాలరెన్స్ 1 దాటించవద్దు. బంతి నేలకు తగిలి లేచే షాట్ అయితే కీఫ్రేములన్నీ కలిపి స్మూత్ చేయనే చేయకండి. నేల తాకిన చోట దారి పదునైన మూలలా ఉండాలి, స్మూదర్ దాన్ని గుండ్రంగా చేసేస్తుంది. అప్పుడు బంతి నేలను తాకకుండానే లేచినట్టు కనిపిస్తుంది. తాకడానికి ముందువి ఒకసారి, తర్వాతవి ఒకసారి విడిగా ఎంచుకుని చేయండి. అప్పటికీ దారి వణుకుతుంటే స్మూదర్‌తో సరిపెట్టుకోకుండా షట్టర్ పెంచి మళ్లీ తీయడమే సరైన పని.

కృష్ణలో పడవ అయితే

నెమ్మదిగా కదిలేవాటికి కష్టాలు వేరు. భవానీ ద్వీపానికి వెళ్లే పడవను ఒడ్డు నుంచి తీస్తున్నారనుకోండి. ఫ్రేములో 300 మీటర్ల నది పడితే 4కెలో మీటరుకు 12.8 పిక్సెళ్లే. పడవ గంటకు 10 కిలోమీటర్లు వెళ్తే ఒక ఫ్రేముకు అర పిక్సెల్ కంటే కొంచెమే ఎక్కువ జరుగుతుంది. ట్రాకర్ వణుకు దానికంటే ఎక్కువ ఉంటుంది. ఇక్కడ ఎక్కువ ఫ్రేములు మేలు చేయవు, కీడు చేస్తాయి. హ్యాండ్‌బ్రేక్‌లో సెకనుకు 5 ఫ్రేములకు తగ్గించి తీసుకుంటే ఫ్రేముకు 7 పిక్సెళ్ల కదలిక దొరుకుతుంది, ట్రాక్ నిలకడగా వస్తుంది. ఆ ఫైలును ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లో 25 ఫ్రేములకు కన్‌ఫర్మ్ చేస్తే 5 రెట్లు వేగంగా ఆడుతుంది. బ్రష్ స్పేసింగ్ 0.6 పెడితే నిజ సమయంలో 3 సెకన్లకు ఒక చుక్క.

ట్రాక్ చేయాల్సింది పడవ పైకప్పు మూలనో, జెండా కర్రనో. నీటికి దగ్గరున్న అంచును పట్టుకుంటే ట్రాకర్ నీడలోకి జారిపోతుంది. ఇక ఫ్రేము నిలబెట్టడానికి ప్రకాశం బ్యారేజీ గేటును ఎంచుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. బ్యారేజీకి 70 గేట్లు, అన్నీ ఒకేలా ఉంటాయి. కెమెరా కొంచెం ఎక్కువ ఊగిన ఫ్రేములో ట్రాకర్ నిస్సంకోచంగా పక్క గేటుకు దూకుతుంది, కాన్ఫిడెన్స్ కూడా తగ్గదు. సీతానగరం వైపు నుంచి తీస్తుంటే ఇంద్రకీలాద్రి మీద ఒంటరిగా నిలిచిన ఏదైనా కట్టడం కొనను పట్టుకోండి. బ్యారేజీ మీదే ట్రైపాడ్ పెట్టడం వద్దు. ట్రాఫిక్‌కు అడ్డం, పైగా బండి వెళ్లిన ప్రతిసారీ వంతెన కంపనం ఫ్రేములోకి వస్తుంది.

పడవ మీ నుంచి దూరంగా వెళ్తుంటే వేగం మారకపోయినా చుక్కలు దగ్గరవుతూ పోతాయి. దాన్ని మందగించడంగా చూపించకూడదు. నదికి అడ్డంగా వెళ్లే పడవను, ఆ దారికి లంబంగా ఉన్న చోటు నుంచి తీయండి.

బ్లెండర్‌లో

ఫైల్, న్యూ, వీఎఫ్ఎక్స్. క్లిప్ తెరిచి, సెట్ సీన్ ఫ్రేమ్స్, తర్వాత ప్రీఫెచ్. ప్యాటర్న్ సైజు మామూలుగా 21, సెర్చ్ సైజు 71 ఉంటాయి. ఈ సెర్చ్ పెట్టె ప్రతి వైపూ 25 పిక్సెళ్లే వెతకగలదు, మన బంతికి చాలదు. 41, 201 చేయండి. మోషన్ మోడల్ లొకేషన్, నార్మలైజ్‌కు టిక్. కంట్రోల్ పట్టుకుని బంతి మీద క్లిక్ చేస్తే మార్కర్ వస్తుంది. కంట్రోల్ టీతో ముందుకు, కంట్రోల్ షిఫ్ట్ టీతో వెనక్కి ట్రాక్ అవుతుంది.

తర్వాత సాల్వ్ ట్యాబ్‌లో లింక్ ఎంప్టీ టు ట్రాక్. ఎంప్టీ అంటే ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోని నల్ లాంటిదే. ఎంప్టీని ఎంచుకుని ఆబ్జెక్ట్ ప్రాపర్టీస్‌లో మోషన్ పాత్స్ లెక్కించమంటే వ్యూపోర్ట్‌లో దారి చుక్కలతో సహా కనిపిస్తుంది, కానీ అది రెండర్‌లో రాదు. రెండర్‌కు రావాలంటే చాలా చిన్న ప్లేన్ ఒకటి చేసి కాపీ లొకేషన్‌తో ఎంప్టీకి కట్టండి, దానికి పార్టికల్ సిస్టమ్ వేయండి. సంఖ్య 14, మొదలూ చివరా బంతి గాల్లో ఉన్న 84 ఫ్రేములు, లైఫ్‌టైమ్ 500, నార్మల్ వెలాసిటీ 0, ఫీల్డ్ వెయిట్స్‌లో గ్రావిటీ 0. రెండర్ యాజ్ ఆబ్జెక్ట్ పెట్టి చిన్న గోళాన్ని ఇవ్వండి. ఫిజిక్స్ దగ్గర న్యూటోనియన్ ఉంచాలి. నో అని పెడితే చుక్కలు ప్లేన్‌ను అంటిపెట్టుకుని బంతితో పాటే కదిలిపోతాయి, వెనక ఏమీ మిగలదు. ఈ పద్ధతి కదలని కెమెరాకే.

బయటికి తీయడం

పని అంతా 4కెలో ముగించి, హెచ్‌డీ కంపోజిషన్‌లో 50 శాతానికి తగ్గించి పెడితే చుక్కల అంచులు నున్నగా వస్తాయి. ఎక్స్‌పోర్ట్ ఫ్రేమ్ రేటు 60 ఉంచండి. 25కి తగ్గిస్తే 60, 25తో సమంగా భాగింపబడదు కాబట్టి బంతి గెంతుతూ వెళ్తుంది. తగ్గించక తప్పకపోతే 30 తీసుకోండి, ఒక ఫ్రేము విడిచి ఒక ఫ్రేము వస్తుంది, నడక చెదరదు. ఫోన్‌లో చూసేవాళ్ల కోసం అయితే చుక్క సైజు 30కి పెంచండి. వాట్సాప్‌లో పంపితే వీడియో నొక్కుకుపోయి సన్నని చుక్కలు ముద్దగా మారతాయి, ఫైలును డాక్యుమెంట్‌గా పంపడం మేలు. ఫ్రేము ఒక మూలన 1 మీటరు పొడవున్న కొలత గీత, పక్కన ఒక చుక్కకు 0.1 సెకను అని చిన్న అక్షరాల్లో రాయండి. అవి రెండూ ఉంటే చూసేవాళ్లు స్కేలు పెట్టి వేగం తామే లెక్కవేసుకోగలరు.